పట్టినోడే చెప్పల్ల

నా చిన్నప్పుడు మా ఊరికి పావగడ ఇరవై కిలోమీటర్లు, తిరుమణి మూడు, బడి రెండు. పావగడ బస్సు ఉదయం ఎనిమిదిన్నరకు వచ్చేది, సాయంత్రం ఆరింటికి తిరిగి వెళ్లేది. ఈ అంకెలన్నిటిలో నన్ను బాధపెట్టినది బడి దూరం ఒక్కటే. ఆ రెండు కిలోమీటర్లు నడవడం నేను తొమ్మిదో ఏట మానేశాను.

కారణం నా నత్తి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రెండు భాషల్లోనూ నా మాట మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేది. పెదవులు మూసి పలకవలసిన అక్షరాలైతే మరీ కష్టం. మేష్ట్రు పాఠం చదవమన్నప్పుడు నేను నిలబడి 'ప' దగ్గర చిక్కుకుంటే, వెనక వరుసలోని పిల్లలు బస్సు ఇంజను చప్పుడు చేసేవాళ్లు. "తోపుడు బస్సు వచ్చినాదిరా, అందరూ దిగి తోయండప్పా" అనేవాళ్లు.

ఆ ఎగతాళికంటే నన్ను ఎక్కువ ఒంటరిని చేసినది మా ఇంటివాళ్ల దయ. నేను నోరు తెరవగానే, నాకు కష్టం కలగకూడదని, మిగతా మాట వాళ్లే పూర్తిచేసేవారు. నీళ్లు అడగబోతే మజ్జిగ వచ్చేది. కాదని చెప్పడం మరింత కష్టం కనుక మజ్జిగే తాగేవాణ్ని. కొన్నాళ్లకు అడగడమే మానేశాను.

ఆ వేసవిలో మా తాతయ్య ఒక నిర్ణయానికి వచ్చాడు. జూన్‌లో బడి తెరిచేనాటికి నేను వెళ్లకపోతే మేకల వెంట పంపుతాడు. అది శిక్ష కాదు. "మేకలతో మాట్లాడే పని ఉండదు గదప్పా" అన్నాడు, నా తల నిమురుతూ. మేకలంటే నాకు ఇష్టమే. కానీ ఎవరితోనూ మాట్లాడనక్కరలేని బతుకు ఒకటి నా కోసం సిద్ధమవుతోందని ఆ వయసులోనే అర్థమై, ఆ రాత్రి అన్నం సయించలేదు.

అప్పట్లో తాతయ్యకు వేలంలో కొన్న పాత కారు ఒకటి ఉండేది. మనుషులకంటే చెనక్కాయ (వేరుశనగ) బస్తాలే అందులో ఎక్కువ ప్రయాణం చేసేవి. ఎడమవైపు ముందు తలుపు కింది బందు వదులై, తలుపును నులకతాడుతో కట్టి నడిపేవాడు. తలుపు వేలాడే చోట రేకును మడిచి చేసిన బోలు స్తంభం ఉంటుంది. బందును పట్టి ఉంచే రెండు బోల్టులు బయటి నుంచి ఆ రేకులోకి దిగుతాయి. వాటిని అందుకునే నట్టులు లోపల, కంటికి కనిపించని చోట అతికించి ఉంటాయి. మా కారులో ఆ అతుకులు తుప్పుకు విడిపోయాయి. బోల్టును తిప్పితే లోపలి నట్టు కూడా దానితోపాటే తిరిగేది. ఎంత తిప్పినా బిగిసేది కాదు, ఊడేదీ కాదు.

మే నెలలో ఒక ఉదయం, పావగడ బస్టాండు దగ్గర చిన్న షెడ్డు నడిపే మెకానిక్కు ఒకాయన పనిముట్ల గోనెసంచితో బస్సు దిగాడు. పిల్లలందరికీ ఆయన షెడ్డు మామ.

"మూడు దినాలుగా తిప్పతా ఉండా. నా చెయ్యి అరిగిపాయ గాని అది మాత్రం కదల్లే" అన్నాడు తాతయ్య.

"అది నీ మాట ఇనే నట్టు పెద్దాయనా. నువ్వెట్ల తిప్పితే అట్ల తిరగతాది. మనకి ఇనకుండా నిలబడేది కావల్ల" అన్నాడు మామ.

ఆయన హ్యాక్సాతో రెండు బోల్టుల తలలూ కోసేశాడు. పాత నట్టులు స్తంభం అడుగున పడిన చప్పుడు వినిపించింది. తరువాత జానెడు పొడవు మందపాటి ఇనుప పట్టీ తీసి, రెండు రంధ్రాలు తొలిచి, వాటిలో మరలు కోయడం మొదలుపెట్టాడు. మర కోసే పనిముట్టును అర చుట్టు ముందుకు తిప్పి, పావు చుట్టు వెనక్కి తీసేవాడు. మళ్లీ అర చుట్టు, మళ్లీ వెనక్కి. నేను కన్నార్పకుండా చూస్తుండటం గమనించి, "ముందుకే తోస్తే మర తెగతాది అల్లుడా. రవ్వంత ఎనక్కి వస్తేనే ముందుకు పోయేది" అన్నాడు.

ఆ పట్టీని మూసి ఉన్న స్తంభంలోకి చేర్చడానికి ఆయన సైకిలు బ్రేకు వైరు వాడాడు. బయట పై బోల్టు రంధ్రంలోంచి వైరును లోపలికి దూర్చి, కారు లోపల కాళ్లు పెట్టుకునే చోట స్తంభానికి ఉన్న చిన్న కంత గుండా బయటికి తీశాడు. దాన్ని పట్టీ పై రంధ్రంలోంచి పోనిచ్చి, కొసకు ముడి వేశాడు. బయటి నుంచి లాగేసరికి పట్టీ స్తంభంలోకి జారి, రేకు వెనక సరైన చోటికి వచ్చి ఆగింది. బయటి కొసను ఒక పుల్లకు చుట్టి మెలితిప్పాడు. ఇక మిగిలింది కింది రంధ్రంలో బోల్టు వేయడం.

అప్పుడు నావైపు తిరిగాడు. "నా చెయ్యి ఈ కంతలో పట్టదు. నీది పట్టతాది. లోపలికి పోయి పట్టీని రేకుకి అదిమి పట్టుకో. పట్టినాక 'పట్టినా' అని చెప్పు. ఈడ్నించి నాకేమీ కనపడదు. నువ్వు చెప్పకుండా తిప్పితే నీ వేలు నలగతాది."

నేను కారులో వెల్లకిలా పడుకుని చేతిని కంతలోకి పోనిచ్చాను. లోపల ఇనుము వేడిగా ఉంది. పట్టీ వేళ్లకు తగిలింది. అదిమి పట్టుకున్నాను. చెప్పవలసిన మాట 'ప'తోనే మొదలవుతుంది. పెదవులు మూసుకుని, తెరుచుకోలేదు.

తలుపును మోస్తూ నిలబడిన తాతయ్యకు కిటికీలోంచి నేను కనిపిస్తున్నాను. "పట్టినాడులేప్పా, తిప్పు" అన్నాడు.

"నువ్వు చెప్తే తిప్పను పెద్దాయనా. పట్టినోడే చెప్పల్ల."

"వానికి మాట రాదప్పా."

"వస్తాది. స్పానరుకేం తొందర?"

దొడ్లో మేక ఒకటి అరిచి ఊరుకుంది. తాతయ్య తలుపు బరువును ఒక భుజం మీది నుంచి మరో భుజానికి మార్చుకున్నాడు. రేకు అవతల మామ ఊపిరి తీస్తున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. అందులో విసుగు లేదు. నా మాటను నాకు వదిలేసి ఒక మనిషి ఊరికే ఉండటం నాకు అదే మొదటిసారి. మాట ముక్కలు ముక్కలుగా, చాలా ఆలస్యంగా, చివరికి వచ్చింది. మామ శభాష్ అనలేదు. స్పానరు అర చుట్టు తిప్పి, "వదిలి మళ్లా పట్టు" అన్నాడు.

ఆ విధంగా పొద్దు నడినెత్తికి వచ్చేదాకా సాగింది. ప్రతిసారీ నేను పట్టుకుని చెప్పేవాణ్ని, చెప్పాకే బోల్టు కదిలేది. నత్తి తగ్గలేదు. చివరిసారి కూడా మొదటిసారిలాగే తడబడ్డాను. కానీ తాతయ్య మళ్లీ మధ్యలో మాట్లాడలేదు. కింది బోల్టు బిగిశాక మామ వైరు కోసి తీసి, పై బోల్టు కూడా వేశాడు. తలుపు మూస్తే ఒకే ఒక చప్పుడుతో మూసుకుంది. తాతయ్య దాన్ని తెరిచి మూసి, తెరిచి మూసి చూసుకున్నాడు.

సాయంత్రం బస్సు ఎక్కే ముందు మామ తాతయ్యతో అన్న మాట నేను విన్నాను. "ఈ అల్లున్ని మేకలెంబడి తోలొద్దు పెద్దాయనా. పట్టకముందు ఒక్క తూరి గూడా పట్టినా అన్లేదు. అట్లాంటోని మాట కోసం కాచుకోవచ్చు."

జూన్‌లో బడికి వెళ్లాను. మేష్ట్రు హాజరు పిలిచినప్పుడు నా మాట రాకముందే తరువాతి పేరుకు వెళ్లిపోయాడు. వెనక ఇంజను చప్పుడు మొదలైంది. ఇనుప పట్టీని పట్టుకున్నట్టు రెండు వేళ్లు బిగించి నిలబడే ఉన్నాను. ఇంకో ఇద్దరి పేర్లు అయ్యాక నా "హాజర్" వచ్చింది. మేష్ట్రు తలెత్తి చూసి, పెన్సిలును వెనక్కి తెచ్చి గుర్తు పెట్టాడు. మేకల మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

పదేళ్ల తరువాత పాలిటెక్నిక్ వర్క్‌షాపులో అదే పని నా చేతికి వచ్చినప్పుడు ఒక సంగతి గ్రహించాను. ఒంటరి నట్టు తిరుగుతుంది. రెండు రంధ్రాల పొడవైన పట్టీ ఇరుకైన స్తంభంలో తిరగలేదు, దానికి చోటు లేదు. వైరు దాన్ని అప్పటికే రేకుకు అదిమి ఉంచింది. నా వేళ్లు పట్టుకున్నదాన్ని పట్టుకోవలసిన అవసరమే లేదు. అసలు ఆ వైరు పద్ధతి ఉన్నదే వెనక మనిషి లేనప్పుడు పని జరగడానికి. ఇది ఆయనకు తెలియకుండా ఉండదు. మరి నన్నెందుకు పట్టుకోమన్నాడో సెలవుల్లో పావగడ వెళ్లి అడుగుదామనుకున్నాను. షెడ్డు మూసి ఉంది. ఆయన పోయి ఏడాది దాటిందని పక్క దుకాణం వాళ్లు చెప్పారు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఉద్యోగం ముగించి ఊరికి తిరిగి వచ్చి, ఒక్కణ్నే ఉంటున్నాను. మా చెనక్కాయ పొలం సోలార్ కంపెనీకి కౌలుకు వెళ్లింది. ఇంటి వెనక కంచె నుంచి కనుచూపు మేర సోలార్ ప్యానెళ్లు. అవి మాట్లాడవు. వాటి దగ్గరికి వచ్చిపోయేవాళ్లకు నాతో పని లేదు. ఫోను మోగని రోజున నా గొంతు నేనే వినను.

పోయిన నెల నా కారు ముందు మడ్‌గార్డును పట్టే నట్టుల మరలు అరిగిపోయాయి. ఇప్పుడు దీనికి రివెట్ నట్టు ఉంది. రంధ్రంలో పెట్టి పనిముట్టుతో లాగితే, రేకు వెనక తానే ఉబ్బి పట్టుకుంటుంది. ఒక్కడే నిలబడి చేసుకునే పని. పనిముట్టు చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టాను.

కంచె అవతల కాపలాకు ఒడిశా నుంచి వచ్చిన, యాభై ఏళ్లు దాటిన మనిషి ఉన్నాడు. తెలుగు రాదు, కన్నడం రాదు. ఏడాదిగా మా మధ్య తల ఊపడమే మాట. ఆయన భోజనానికి కంచె దగ్గరికి వచ్చే వేళ చూసి చేయి ఊపి ఇవతలికి పిలిచాను. ఆయన అరచేతిని మడ్‌గార్డు మీద పెట్టించి, నా చేతిని దాని మీద పెట్టి అదిమి, "ప... పట్టినా" అని చెప్పి చూపించాను. పనిముట్టును దించి ఆగాను. ఆయన నా మొహం చూశాడు, రేకును చూశాడు, పెదవులు కదిపి ఆపేశాడు. నేను కదలలేదు. కొంతసేపటికి ఆ మాట వచ్చింది, మెల్లగా, అడిగినట్టుగా. అప్పుడు పిడిని లాగాను.

ఇప్పటికీ నాకు 'ప' కష్టమే. దాని ముందు ఆగుతాను, ఎదుటివాళ్ల మాట ముందూ ఆగుతాను. తలుపు బిగించిన ఆ రోజు నుంచి నాతో ఉన్నది ఈ రెండో ఆగడమే.

మరమ్మతు లెక్క ఇది. వాడిన రివెట్ నట్టులు నాలుగు, వాటిలో వంకరగా కూర్చుని పాడైనది ఒకటి. పారేసిన బోల్టులు మూడు. చల్లారిపోయిన భోజనాలు రెండు. పట్టుకోనక్కరలేని చోట పట్టుకున్న చెయ్యి ఒకటి. షెడ్డు మామను అడగకుండా మిగిలిపోయిన ప్రశ్న ఒకటి.