పదహారు కట్టలు, ఒక్క ఖాళీ

రిటైరవడానికి ఏడు నెలల ముందు నన్ను గోల్‌మురిలో ఒక రేకుల గోదాముకు సర్దారుగా వేశారు. సర్దారంటే తలపాగా చుట్టాలని కాదు. బరువులెత్తే ఖలాసీల మేస్త్రీని ఈ హిందీ ఊళ్లో అలా పిలుస్తారు. చదివింది నాలుగో తరగతే గానీ, ఏ కట్ట ఎక్కడుందో తడుముకోకుండా చెప్పేవాణ్ణి.

గోదాములో నాలుగు వరసలు, వరసకు నాలుగు గళ్లు, గడికొక రేకుల కట్ట. గేటును తూర్పు నుంచి దక్షిణానికి మార్చారు. అందుకని సరుకంతా పావు చుట్టు తిప్పాలి. పై వరస కుడివైపు నిలువు వరస కావాలి. ఖాళీ చూస్తే ఒక్క కట్టకే ఉంది.

క్రేనుకు కదలికలు చెప్పే ప్రోగ్రాము రాయడానికి భుయ్యాడీహ్ నుంచి జ్యోతి అనే కాంట్రాక్టు ఇంజనీరు వచ్చింది. తెలుగు పిల్లే, తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. మధ్యాహ్నం సైరన్‌లోగా క్రేను పని ముగించకపోతే కాంట్రాక్టు పొడిగించేది లేదని మేనేజరు చెప్పాడు. ఆ ముక్క చెప్పడానికే గంటకోసారి వచ్చేవాడు. ఆయన ఇంకేం చేసేవాడో నాకు నేటికీ తెలియదు.

"ఏటయిందే తల్లీ?"

"మెమరీ నహీ హై, దాదా."

తిప్పిన పట్టిక రాయడానికి ఆమెకు ఇంకో పదహారు గళ్లు కావాలి. క్రేనును నడిపే కంప్యూటరు డబ్బాలో ఒక్క గడికే చోటుంది.

"ఇంకో గోదామెందుకే? పై ఎడం మూలది తీసి పక్కెట్టు. దాని జాగాలోకి కింద ఎడం మూలది, దాన్లోకి కింద కుడిది, దాన్లోకి పై కుడిది. ముందు తీసింది పై కుడి మూలకి. ఇలాగే నాలుగేసి తిప్పీ."

"పక్కా?"

"ఆఁ, పక్కే."

అలాగే రాసి నడిపింది. మొదటి కట్టే కదల్లేదు. మూడుసార్లు నడిపినా అంతే. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అదే సమయానికి మేనేజరు తన గంట ప్రకారం వచ్చి వెళ్లాడు.

"ఓలమ్మ! దాన్ని కదలకుండా కట్టీసినావేటే?"

"ఆప్ హీ తో బోలే! పక్కా కరో!"

పక్కా చెయ్యమని నేనే అన్నానట. నేనన్నది పక్క. ఆమెకు వినిపించింది హిందీ పక్కా. ఇక మార్చకూడదని ఆ గడిని ఖాయం చేసి తాళం వేసేసింది.

"పక్కా కాదే, పక్కన! సైడు! సైడుకెట్టు!"

"తో సైడ్ బోల్నా థా న, దాదా!" అని నుదురు కొట్టుకుంది.

తాళం తీసి, మొదటి కట్టను సైడుకు పెట్టించింది. సైరన్ మోగే ముందే పదహారో కట్ట దిగింది. కాంట్రాక్టు పొడిగించారు. పని పూర్తయినట్టు పైకి పంపిన కాగితంలో మేనేజరు పేరు ముందుంది, జ్యోతి పేరు తర్వాత, నా పేరు లేదు.

ఆ రోజు నుంచి పని చెప్పాక "అర్థమైందా?" అని అడగడం మానేశాను. "ఏం అర్థమైందో చెప్పు" అంటాను. సగం మంది అక్కడే దొరికిపోతారు, అధికార్లతో సహా.