వెర్నా హాల్‌స్టెడ్ దిద్దిన బొమ్మ

మిషిగన్‌లోని మా చిన్న కాలేజీ రసాయనశాలకి గాజుని కరిగించి సీసాలూ గొట్టాలూ ఊదిపెట్టడం ముప్పై ఏళ్ళపాటు నా పని. ఎక్కడైనా ఈథర్ వాసన తగిలిందంటే నాకిప్పటికీ వెర్నా హాల్‌స్టెడ్ గుర్తొస్తుంది. చెవి వెనక పెన్సిలు, ఆసిడ్ పడి చిల్లులు పడ్డ కోటు, పెదాల మీద ఈలలో చర్చి పాట.

వెర్నా పుదీనా రైతు కూతురు, మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేది. వాళ్ళ పొలంలో ఓ కలుపుమొక్క ఉండేది. ఆవులు కూడా మూతి పెట్టనంత చేదు. ఆ చేదు పదార్థం అణువు ఎలా ఉంటుందో అమెరికా తూర్పుతీరంలో పేరుమోసిన రసాయన శాస్త్రవేత్త, ఓ పెద్దాయన, ఎప్పుడో బొమ్మ గీసి అచ్చేయించాడు. ఆ బొమ్మ ప్రకారం, మొక్కతో పనిలేకుండా, దాన్ని సీసాల్లో తయారుచెయ్యాలని వెర్నా పట్టు. 1954లో మొదలుపెడితే ఏడేళ్ళకి తెల్లటి స్ఫటికాలు వచ్చాయి. ఆ సాయంత్రం అందరం చెర్రీ పళ్ళు కూరి కాల్చిన తీపి "పై" కోసుకుని తిన్నాం.

మర్నాడు కరిగించి చూశారు. ఒకే పదార్థమైతే రెండూ ఒకే వేడికి కరగాలి. మొక్కలోది నూట పద్దెనిమిది డిగ్రీలకి కరిగేది. ఈవిడది నూట ముప్పై ఒకటి దాకా కదల్లేదు.

"చెయ్యి ఎక్కడో జారిందమ్మాయ్," అన్నాడు శాఖాధిపతి ఎల్స్‌వర్త్.

మళ్ళీ చేసింది. మళ్ళీ అదే.

"జారింది నా చెయ్యి కాదేమోనండీ. ఆ బొమ్మే తప్పేమో."

ఆయన పడీ పడీ నవ్వాడు. "బావుంది! పుదీనా పొలంనించి వచ్చి పెద్దాయనకే వంకలా?"

ఆ విద్యా సంవత్సరం అయ్యేసరికి ఆవిడ ప్రయోగాలు చేసుకునే కిటికీ గది ఇంకొకరికి పోయింది. ఆవిడకి మొదటి సంవత్సరం పిల్లల పాఠాలే మిగిలాయి. అప్పుడొచ్చింది నేను గాజు ఊదే షెడ్డుకి.

"ఎమిల్, పగిలిన గొట్టాలేమైనా ఉంటే అతికిపెడతావా?"

"ఇంకా ఎందుకు వెర్నా?"

"ఆ అణువు బొమ్మలో ఒక్క కొమ్మ అటు కాకుండా ఇటు తిరిగి ఉంటే అన్నీ సరిపోతాయి. చేసి చూడొద్దూ?"

అయిదు వేసవులు, పాత సామాన్ల గదిలో చేసింది. మధ్యాహ్నం నేను చీజ్ శాండ్‌విచ్ పట్టుకెళ్ళి కబుర్లు చెప్పేవాణ్ణి. అంత హాయిగా నేనెప్పుడూ భోజనం చెయ్యలేదు. ఒకసారి ఫ్లాస్కు పగిలి మూడు నెలల శ్రమ నేలపాలైంది. ఆవిడ ఏడవలేదు. గుడ్డతో అద్ది, పిండి, నేల మెరవడానికి పూసిన మైనంతో సహా ఎత్తి, మైనాన్ని మళ్ళీ వేరుచేసింది.

1966 మే నెలలో ఓ ఉదయం కొత్త స్ఫటికాలు నూట పద్దెనిమిదికి కరిగాయి. మొక్కలోదానితో కలిపి వేడిచేసినా నూట పద్దెనిమిదే; వేరువేరు పదార్థాలైతే కలిపినప్పుడు ఇంకా ముందే కరిగిపోయేవి. రెండూ ఒకటే పదార్థమని తేలిపోయింది.

ఎల్స్‌వర్త్ మూడుసార్లు వంగి చూశాడు. స్టూలు మీద కూలబడ్డాడు. "నవ్వినందుకు క్షమించు వెర్నా."

"నవ్వితే నవ్వారు గానీ, నా కిటికీ గది నాకిప్పించండి!"

ఇప్పించాడు. ఆవిడ రాసిన వ్యాసం రసాయన పత్రికలో నాలుగు పేజీలు అచ్చయింది. చివర్లో కృతజ్ఞతల్లో నా పేరూ ఉంది. బొమ్మ గీసిన పెద్దాయన స్వయంగా ఉత్తరం రాసి తప్పు ఒప్పుకున్నాడు. వెర్నా వాళ్ళ నాన్న మాత్రం ఆ కాగితాలు తిరగేసి, "అంతా బానే ఉంది, ఆ కలుపు చచ్చే మందేదే?" అన్నాట్ట. ఆ మాట చెప్పి చెప్పి నవ్వేది.

తర్వాత పెద్ద తరగతులు ఇస్తామన్నారు. తీసుకుంది గానీ, మొదటి సంవత్సరం పిల్లల్ని మాత్రం రిటైరయ్యేదాకా ఇంకెవరికీ వదల్లేదు.