మా ఆయన ఎక్కిన గుట్ట

మా ఆయనకు షుగర్ అంచుల్లో ఉందని డాక్టర్ చెప్పాడు. రోజూ పొద్దున కాస్త నడవమన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క కూడా అనలేదు. పక్కనే కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు. కానీ పటాన్‌చెరులో బియ్యం, పప్పుల దుకాణం నడిపే పెద్దమనిషికి నడక నామోషీ. రోడ్డు మీద నడిస్తే నలుగురికీ కనిపిస్తారు, ఏమైందని అడుగుతారు, షుగరని చెప్పాలి. అదే గుట్టలెక్కేవాణ్ణి చూసి రోగి అని ఎవరూ అనుకోరు. అందుకని మా ఆయన గుట్టలెక్కాలని నిర్ణయించారు.

తొంభైల చివరి సంగతి ఇది. అప్పటికి మా పెళ్ళయి చాలా ఏళ్ళు. ఆ ఏళ్ళన్నిటిలో ఆయన గల్లాపెట్టె ముందు నుంచి లేచి ఎక్కింది ఏదైనా ఉందంటే అది స్కూటరు. అటక మీది డబ్బా దించాలన్నా స్టూలెక్కేది నేనే.

ముందు సామాను వచ్చింది. సికింద్రాబాద్ పోయి మిలిటరీవాళ్ళు వేసుకునేలాంటి బూట్లు తెచ్చుకున్నారు. ఒక టోపీ, మెడలో వేలాడే విజిల్ కూడా. దుకాణంలో బస్తాలు కట్టే తాళ్ళలోంచి గట్టిది ఏరి ఒక చుట్ట పక్కన పెట్టుకున్నారు. కాళ్ళకు అలవాటు కావాలని ఆ బూట్లు తొడుక్కునే కొన్ని రోజులు దుకాణంలో కూర్చున్నారు.

"ఏంది సావుకార్, పోలీసుల చేరినవా?" అని గిరాకీలు అడిగేవారు.

"లే, గుట్టలెక్కుతున్న" అనేవారు. ఎక్కబోతున్నానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

బొంతపల్లి పోయే దారిలో, పొలాల వెనక ఒక రాళ్ళగుట్ట ఉండేది. ఆయన కన్ను దాని మీద పడింది. గుట్టెక్కుతామంటే మా అత్త గడప దాటనివ్వదు కాబట్టి, వీరభద్రుడి దర్శనానికి పోతున్నామని చెప్పాం. దర్శనం చేసుకున్నాం కూడా, కనుక అది అబద్ధం లెక్కలోకి రాదు. సంగారెడ్డి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న వదిన, అంటే మా ఆయన అక్క, తనూ వస్తానంది. ఒకే స్కూటరు మీద ముగ్గురం, వదిన ఒళ్ళో పులిహోర డబ్బా, భుజాన శాలువా.

గుట్ట కింద దిగాక వదిన పైకి ఒకసారి చూసింది, తమ్ముడి బూట్ల వంక ఒకసారి చూసింది.

"తమ్మీ, గవి నిన్ను పైకి తీస్కపోతయా, కిందికి గుంజుతయా?"

"అక్కా, నీకు తెల్వది. గ్రిప్పు ఉంటది."

"నాకైతే మోకాళ్ళు లేవు. నేనీ వేపచెట్టు కిందనే ఉంట. మీరు పోయి చూసి రాండ్రి" అని డబ్బా మూత తీసి కూర్చుంది.

దసరా పోయిన కొత్త, పొద్దున్నే కాబట్టి ఎండ ఇంకా ముదరలేదు. మొదట అంతా సీతాఫలం చెట్లు, ముళ్ళకంప. ఆయన ముందు, నేను వెనక. దారి పొడవునా నాకు పాఠం నడిచింది. కాలు పెట్టే ముందు రాయి కదులుతుందో లేదో చూడాలట. ఆయన ఒక రాయిని బూటుతో తన్ని చూసేవారు, తర్వాత ఇంకో రాయి మీద కాలు పెట్టి తూలేవారు. ఉన్నట్టుండి విజిల్ ఊదారు. గుండె జారింది నాకు.

"ఏమైందండి?"

"ఏం కాలే. నేనెక్కడున్ననో నీకు తెల్వాలె గదా."

"మీ ఎన్కనే ఉన్న గదా!"

చెట్లు అయిపోయి గుండ్లు మొదలయ్యాయి. ఒక్కో గుండు మా దుకాణమంత ఉంది. వాటి సందుల్లోంచి చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకాం. అవి దాటితే పరుపుబండ. ఏటవాలుగా, నున్నగా, దాని నడుమ ఐమూలగా పైకి పోయిన నెర్రె ఒక్కటే ఆధారం. బండ పైన, ఆకాశానికి ఆనుకుని రెండు పెద్ద గుండ్లు. శిఖరం అదే.

ఆయన నెర్రెను పట్టించుకోలేదు. బూట్లున్నవాడికి నెర్రెలతో ఏం పని? తిన్నగా బండ మీదికి నడిచారు. సగం దూరం మగవాడిలాగే పోయారు. తర్వాత గ్రిప్పు తన పని మానేసింది. కాలు జర్రుమంది, బోర్లా పడ్డారు, అక్కడే అంటుకుపోయారు. చేతులు రెండూ బార్లా చాపి, చెంప రాయికి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నారు. పక్కన ఒక తొండ ఆయన్ని చూసి తల ఊపుతోంది.

"పైకి పోతరా, కిందికి వస్తరా?" అన్నాను.

"జెర ఆగు. ఆలోచిస్తున్న."

"తాడేదండి?"

"స్కూటర్ డిక్కీల ఉంది" అన్నారు, రాయితో మాట్లాడుతున్నట్టుగా.

ఆయనకు ప్రమాదమేమీ లేదని చూశాను. జారితే సీతాఫలం పొదల్లో పడతారు, అంతే. కానీ ఆ మాట ఆ స్థితిలో ఉన్నవాడికి చెప్పి లాభం లేదు. ఆలోచన బాగా సాగినట్టుంది, కళ్ళు తెరవకుండానే ఉత్తర్వు ఇచ్చారు. "నువ్వు పైకి పోయి చూసిరా, దారి ఉందో లేదో."

సరేనని చెప్పులు విడిచాను. కుచ్చిళ్ళు ఎగదోపి, కొంగు నడుముకు బిగించి, నెర్రెలో కాలివేళ్ళు దూర్చుకుంటూ ఎక్కాను. భయం వేయలేదని చెప్పను. వేసింది, కానీ కాళ్ళు దాన్ని ఖాతరు చేయలేదు. చివర ఆ రెండు గుండ్ల మధ్య పక్కకు తిరిగి, కడుపు లోపలికి పీల్చి, దూరి బయటపడ్డాను. ఇక ఎక్కడానికి ఏమీ మిగల్లేదు.

దూరంగా మా ఊరి ఫ్యాక్టరీల పొగగొట్టాలు. ఒకదాని పొగ తెలుపు, ఒకదాని పొగ పసుపు. బొంబాయి రోడ్డు మీద లారీలు. ఎన్నేళ్ళుగానో పొద్దున లేస్తే ముక్కుకు మందుల వాసన కొట్టే ఊళ్ళో ఉన్నదాన్ని. అక్కడ గాలికి ఏ వాసనా లేదు. ముఖ్యంగా, ఎవరూ నన్ను పిలవడం లేదు. విజిల్ కూడా మోగలేదు. ఊదాలంటే ఆయన రాయిని వదలాలి కదా. కాసేపు కూర్చున్నాను. ఆయన ఎదురుచూస్తున్నారని తెలిసే కూర్చున్నాను.

దిగి వచ్చి, ఆయనకు కాస్త దిగువన ఒక గట్టి చోట నిలబడి చెప్పాను. "బూట్లు ఇప్పుండి."

"కొత్తవి."

"ఇప్పుండి."

లేసులు నేనే విప్పి లాగాను. ఒకటి చేజారింది. బండ మీద ఎగిరి, గుండ్ల మీద దూకి, పొదల్లోకి దొర్లిపోయింది. కింది నుంచి వదిన కేక వినిపించింది.

"తమ్మీ! బూటొచ్చింది! నువ్వేడున్నవ్ రా?"

ఆయన కూర్చుని జరుగుతూ దిగారు. నేను ఒక్కో పాదాన్నీ పట్టుకుని నెర్రెలో పెట్టాను. ప్యాంటు వెనకభాగం గుట్ట దగ్గరే ఉండిపోయింది. వదిన తన శాలువా ఇచ్చింది. వీరభద్రుడి దర్శనం నుంచి మా ఆయన శాలువా కట్టుకుని ఇల్లు చేరితే, గుళ్ళో సన్మానం చేశారేమోనని మా అత్త సంబరపడింది.

మర్నాడు దుకాణం వెనక గదిలో పప్పు చెరుగుతున్నాను. నూనెమిల్లు సేటు గొంతు వినిపించింది. "ఎక్కినవా సావుకార్?"

"ఎక్కిన."

నా చేతిలో చాట ఆగింది.

"పైన ఏముంది?"

"ఆ... చానా ఉంది. సాయంత్రం రా, చెప్త" అన్నారు. మధ్యాహ్నం అన్నం తింటూ, పప్పు గురించి అడిగినట్టుగా నన్ను అడిగారు. "ఇంతకూ పైన ఏమేం కనబడ్డయ్?"

చెప్పాను. గుండ్లు, పొగగొట్టాలు, లారీలు, గాలి. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. బహుశా ఎవరికో ఒకరికి చెప్పాలని ఉంది, అడిగింది ఆయన ఒక్కరే.

సాయంత్రానికి నా గుట్ట ఆయనదైపోయింది. వారం తిరిగేసరికి అది పెరిగింది కూడా. నెత్తి మీద గద్ద తిరిగింది. శిఖరం మీద కొలను వెలిసింది, దాని నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయట. ఇవన్నీ ఓర్చుకున్నాను. "మా ఇంటామె కిందనే కూసున్నది, భయపడ్డది" అన్నప్పుడు మాత్రం చాట నేలకేసి కొట్టాను. గిరాకీలు లోపల పిల్లి దూరిందనుకున్నారు.

వదిన ఒక్కతే తమ్ముణ్ణి అడిగింది. "నువ్వు పైకి పోతే, బూటెందుకు కిందికొచ్చింది రా?" ఆయన బస్తాలు లెక్కపెట్టుకోవడానికి వెళ్ళిపోయారు.

చలికాలమంతా కథ బాగా నడిచింది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, నూనెమిల్లు సేటు నమ్మేశాడు. నమ్మినవాడు ఊరుకోడు కదా. "మమ్ములను గూడ తోల్కపో సావుకార్" అని వెంటపడ్డాడు, బట్టల దుకాణం ఆయన్ని కూడా జత చేసుకున్నాడు. మా ఆయన చలి అన్నారు, పెళ్ళిళ్ళ సీజన్ అన్నారు, పిల్లల పరీక్షలన్నారు. హోలీ కూడా అయిపోయాక సాకులు అయిపోయాయి.

"నువ్వు గూడ రావాలె" అన్నారు నాతో, నా మొహం చూడకుండా.

"నేనెందుకు? భయపడ్త గదా!"

"టిఫిన్ పట్టుకోవాలె గదా."

టిఫిన్ పట్టుకుని ముందు నడిచాను. "దారి ఆమెకు చూపెట్టిన" అని వెనక సేటుకు చెబుతున్నారు. గుండ్లు దాటి పరుపుబండ దగ్గరికి రాగానే ఆ గొంతు ఆగిపోయింది. తిరిగి చూశాను. మొహం పాలిపోయింది. నేను చెప్పకముందే ఆయనే కూర్చుని చెప్పులు విప్పారు.

నేను ముందెక్కి, నెర్రె పక్కన చతికిలబడి మెల్లగా చెప్పాను, ఆయనకు తప్ప ఎవరికీ వినపడకుండా. "ఎడమకాలు నెర్రెల పెట్టుండి. కిందికి చూడకుండి. నన్ను చూడుండి."

చూశారు. పెళ్ళిచూపుల్లో కూడా అంత శ్రద్ధగా చూడలేదు. ఒక్కో అడుగూ వేశారు. చివరి చోట మణికట్టు పట్టుకుని లాగాను. గుండ్ల మధ్య ఆయన పొట్టతో కాస్త ఇబ్బంది పడ్డాం. ఎలాగో దూరారు, నిలబడ్డారు.

ఇన్ని నెలలు ఊరందరికీ చెప్పిన చోటును ఆయన మొదటిసారి చూస్తున్నారు, అది ఎవరికీ తెలియకూడదు. పొగగొట్టాల వైపు తిరిగారు, రోడ్డు వైపు తిరిగారు, మళ్ళీ మొదటి నుంచి చూశారు.

"ఎట్లుంది సావుకార్?" అని సేటు గుండ్ల అవతలి నుంచి అరిచాడు.

"ఎట్లుంటది? ఎప్పట్లెక్కనే" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎండ కొడుతోందని రుమాలుతో తుడుచుకున్నారు.

సేటు, బట్టల దుకాణం ఆయన పైకి వచ్చారు. వగర్చుకోవడం అయ్యాక సేటు చుట్టూ చూశాడు. "కొలనేది?"

మా ఆయన నా వైపు చూశారు. ఇంట్లో ఉప్పు అయిపోయినప్పుడు నన్ను చూసే చూపు కాదు అది.

అక్కడ బండలో ఒక గుంట ఉంది. నిండా నీళ్ళుంటే ఒక కాకి స్నానం చేయొచ్చు. "ఎండాకాలం గదన్నా, ఎండింది" అన్నాను. "వానలు పడితే నిండుతది."

"గంతే మరి" అని సేటు గొప్పగా తలూపి, ఆ గుంటలో చేయి పెట్టి లోతు కూడా చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు మీద ఆయన ఊరు దగ్గరపడ్డాక తల కొంచెం తిప్పి అన్నారు. "గిట్లుంటదని నాకెందుకు చెప్పలే?"

"అన్నీ చెప్పిన గదండి."

"గిట్ల చెప్పలే."

మర్నాటి నుంచి కథ సేటు చేతికి పోయింది. దుకాణానికి వచ్చిన వాళ్ళందరికీ బండ గురించి, నెర్రె గురించి, ఎండిన కొలను గురించి అతనే చెప్పేవాడు. ఎక్కనంత కాలం నోరు మూయని మా ఆయన, ఎక్కివచ్చాక ఊఁ కొట్టడం తప్ప ఏమీ అనలేదు. ఒకరోజు ఎవరో అడిగారు, దారి కష్టమట కదా, ఎవరు చూపించారని.

"మా ఇంటామె" అన్నారు మా ఆయన, కాంటా ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా.

సేటు అది జోకనుకుని పెద్దగా నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. అలాగని నవ్వొద్దనీ అనలేదు. తూచిన బియ్యం సంచిలో పోసి, గిరాకీ చేతికి ఇచ్చారు.