ఖాళీ వదిలిన శోకం

చావును కొత్త పద్ధతిలో చేయవచ్చని మా ఇబ్రహీంపట్నంలో కనిపెట్టినవాడు మా వీధి చివరి ఇంటివాడే. వయసు ముప్పై నాలుగు. ఆరేళ్ళు నగరంలో ఏదో ప్రకటనల కంపెనీలో పనిచేసి తిరిగివచ్చి, అంత్యక్రియలకు కావలసినవన్నీ ఒక్క ఫోనుతో పంపే వ్యాపారం పెట్టాడు. ఫ్రీజర్ బాక్సు, టెంటు, కుర్చీలు, బండి, పోయినవాళ్ళ ఫోటో వెనక జలపాతం దూకే ఫ్లెక్సీ. ఇందులో నాకు అభ్యంతరం లేదు. చావింటికి కుర్చీలు కావాలి. కానీ అతను దీన్ని కుర్చీల వ్యాపారం అనడు, ఇన్నోవేషన్ అంటాడు. ఒక్క సాయంత్రం మా అరుగు మీద కూర్చుని ఆ మాట పదకొండుసార్లు అన్నాడు.

వచ్చింది నా కోసం కాదు, మా ఎదురింటి ఆమె కోసం. మా వైపు ఆడవాళ్ళు రాగం తీసి శోకం పెడతారు. చాలామంది ఏడుస్తారు, అంతే. ఎదురింటామె శోకం పెడితే మాత్రం పోయిన మనిషి లేచి వచ్చి మన మధ్య కూర్చున్నట్టు ఉంటుంది. కూలి తీసుకోదు, తెలియని ఇంటికి వెళ్ళదు. వెళ్ళేముందు పోయినవాళ్ళ లెక్కలు అడగడానికి నా దగ్గరికి వస్తుంది. బడిలో ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా చేసినదాన్ని. తల్లిదండ్రులు చెప్పిన అబద్ధపు పుట్టినతేదీలు రిజిస్టరులో రాశాను, నిజమైనవి నా నోటుబుక్కులో రాసుకున్నాను.

"అక్కా, గాయిన చెర్వు కట్ట మీద ఎన్నేండ్లు కావలున్నడు?"

"పద్దెనిమిది."

"ఇరవై అంటే రాగానికి మంచిగుంటది."

"పద్దెనిమిదే."

మొహం ముడుచుకునేది. కానీ పద్దెనిమిదే అని పాడేది.

ఆ సాయంత్రం అతను ఆమెతో అన్నాడు: "చిన్నమ్మా, నీ టాలెంట్ వేస్ట్ అయితున్నది. నీ గొంతు వెయ్యి ఇండ్లకు పోవాలె."

"నాకు మోకాళ్ళ నొప్పులు బిడ్డా."

"నువ్వు పోవుడు గాదు. గొంతు ఒక్కటే పోతది."

మీర్‌పేట్‌లో ఒక గదికి తీసుకెళ్ళి రికార్డు చేశాడు. తల్లికొకటి, తండ్రికొకటి, మగనికొకటి, అక్కకొకటి. మధ్యమధ్యలో ఖాళీలు వదిలించాడు. ఆ ఖాళీలో పోయినవాళ్ళ పేరును కంప్యూటరు పలుకుతుంది. వెనక వయొలిన్ కలిపాడు, టీవీ సీరియల్లో అత్త కళ్ళు తుడుచుకునేటప్పుడు వచ్చేలాంటిది. "ఎవలు సచ్చిండ్రు?" అని ఆమె అడిగిందట. "ఎవలూ లేరు, ఊహించుకో. కొడుకులు, కోడండ్లు, మనుమలు అను, అందరికి సరిపోతది" అన్నాడట. ఒక చీర, ఒక మిక్సీ ఇచ్చి పంపాడు.

ఆమె సంతోషపడింది, అది దాచడం ఎందుకు. నేను మాత్రం మిక్సీ వైపు చూసి మొహం తిప్పుకున్నాను.

"నీకు ఏదీ నచ్చదక్కా."

"అందరికీ సరిపోయేది ఎవరికీ సరిపోదు" అన్నాను. ఆమె మిక్సీ తీగ చుట్టుకుంటూ వెళ్ళిపోయింది.

తరువాత మా వీధిలో దర్జీ ఆమె పోయింది. పిల్లలు లేరు, చెల్లెలితో కలిసి ఉండేది. ఎదురింటామెకు ప్రాణ స్నేహితురాలు. చెల్లెలు ఫ్రీజర్ బాక్సు కోసం అతనికి ఫోను చేసింది. బాక్సుతో పాటు, అడగకుండానే, ఒక స్పీకరు వచ్చింది.

మేమిద్దరం పొద్దున పదింటికి వెళ్ళాం. గడప దగ్గరికి వచ్చేసరికి వయొలిన్ మీద ఎదురింటామె గొంతు: "ఓ అమ్మా, నల్గురు కొడుకులను గంటివి, మనుమల పెండ్లిండ్లు జూస్తివి..."

చెల్లెలు తలెత్తి ఎదురింటామె వైపు చూసింది. "ఎవల కొడుకులు? మా అక్క సంగతి నీకు ఎరికలేదా? పీనుగ ముంగట గిట్ల ఎక్కిరిస్తవా?"

వెనక ఎవరో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఎదురింటామె గడప దాటలేక నిలబడిపోయింది. ఇన్నేళ్ళు ఆమె ఏ ఇంట్లో నోరు తెరిచినా జనం నమ్మారు. ఇప్పుడు సొంత స్నేహితురాలి ఇంట్లోకి అడుగుపెట్టే ముఖం లేదు, గొంతు మాత్రం లోపల కూర్చుని అబద్ధాలు ఏడుస్తోంది.

అతను ఫోను నొక్కుతూ వచ్చాడు. "మదర్ ట్రాక్ పడ్డది చిన్నమ్మా, ఫికర్ జెయ్యకు, సిస్టర్ ట్రాక్ పెడుత."

నేను వెళ్ళి ప్లగ్గు పీకేశాను.

ఆమె అప్పుడు లోపలికి వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది. నా వైపు తిరిగింది.

"ఎన్నేండ్లు కుట్టిందక్కా?"

"ముప్పై ఆరు. బడి బట్టలే ఏటా నూట నలభై జతలు."

సన్నగా రాగం ఎత్తుకుంది:

"నూట నలభై లాగులు కుడితివక్కో, ఒక్క పోరని నడుము మర్వకపోతివి. పోరగాండ్లు ఎదుగుతరని అంచుల రెండు వేళ్ళ బట్ట దాస్తివి. యాడాదికి ఇప్పి పొడుగు జేస్తివి. నీ ఆయుష్షుకు రెండు వేళ్ళ బట్ట దాసినోళ్ళు లేకపాయెనక్కో..."

చెల్లెలు వచ్చి ఆమె భుజం మీద పడి ఏడ్చింది. తెల్లవారినప్పటి నుంచి అదే మొదటి ఏడుపు. నేను కూడా ఆ లాగులు చూసినదాన్నే. లెక్క నాకు తెలుసు, ఆ మాట నాకు వచ్చేది కాదు. కొత్తది పుట్టడమంటే అది.

తిరిగి చూస్తే అతను ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"సూపర్ చిన్నమ్మా! గిది పిల్లలు లేనోళ్ళకు సపరేట్ పెడదాం. జర మళ్ళొక్కసారి అను, నడుమ కుర్చీ సప్పుడు పడ్డది."

కుక్క కూడా పీనుగ దగ్గర కాసేపు ఆగుతుంది.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "నా గొంతు నాకియ్యి."

"అది సర్వర్ల ఉన్నది చిన్నమ్మా. గొంతు వాపసు ఎట్ల ఇస్తరు?"

"ఇప్పటికి ఎన్ని ఇళ్ళలో మోగింది?" అని నేనడిగాను.

"ఏమో పెద్దమ్మా. యాభయ్యో, అరవయ్యో. ఏజెంట్లు గూడ వాడుతుండ్రు."

మర్నాడు ఆమె ఆ మోకాళ్ళతోనే మిక్సీ మోసుకెళ్ళి అతని బల్ల మీద పెట్టి వచ్చింది. చీర మాత్రం కట్టి ఉతికింది కనుక వాపసుకు పనికిరాదని నేనే చెప్పాను. మా వీధిలో ఇప్పుడు బాక్సు తెప్పించుకునేవాళ్ళు స్పీకరు వద్దని ముందే చెబుతున్నారు. మీర్‌పేట్ కాలనీల్లో, జల్‌పల్లిలో ఇంకా మోగుతోందట. అతనికి ఈ మధ్య ఏదో సభలో శాలువా కూడా కప్పారు, కొత్త ఆలోచనకు.

మొన్న ఆమె మా అరుగు మీద కూర్చుని అడిగింది.

"ఇప్పటికి ఎన్ని ఇండ్లయినయో అక్కా, నేను అబద్ధం ఏడ్సినయి?"

ఇన్నేళ్ళలో ఆమె అడిగిన ప్రతి అంకె నేను చెప్పగలిగాను. ఇది తెలియదన్నాను.