చెంగయ్య చూసిన విమానం

పుంగనూరులో చెంగయ్య మోటారు వైండింగ్ షాపు ఎక్కడని ఎవరినడిగినా మదనపల్లె రోడ్డు వైపు చెయ్యి చూపేవాళ్లు. కరువేళ్లలో నీళ్లు లోతుకు పోయేకొద్దీ మోటార్లు కాలడం ఎక్కువైంది. కాలిన మోటారు లోపలి రాగితీగ తీసేసి కొత్తది చుట్టి ఇవ్వడం ఆయన పని. చెంగయ్య చుట్టిన మోటారంటే రైతు ఇంకో మాట అడిగేవాడు కాదు. చుట్టుపక్కల షాపులవాళ్లు దీనికి కుళ్లుకునేవాళ్లు. కుళ్లుకోక ఏం చేస్తారు పాపం!

అసలు ఆయన మొదటి ఉద్యోగం వేరు. బైరెడ్డిపల్లె దగ్గర మెట్టసేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, వానను నమ్ముకోవడం తనవల్ల కాదని మీసం సరిగా రాకముందే ఎయిర్‌ఫోర్సులో చేరాడు. విమానం ఎక్కిస్తారనుకుంటే గుట్ట ఎక్కించారు. సరిహద్దు గుట్టల మీద వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని, వచ్చే విమానం ఏదో కంటితో, చెవితో పట్టి కింది వాళ్లకు చెప్పాలి. రాడారుకు చిక్కకుండా కిందుగా వచ్చేవాటిని మనిషే పట్టుకోవాలి మరి. పేరు తప్పు చెబితే మన తుపాకులే మన విమానాన్ని కూలుస్తాయి. అందుకని అక్కడ నేర్పే మొదటి పాఠం, తెలియకపోతే తెలియదని చెప్పమని. రెండోది చూసే వరస: రెక్కలు, ఇంజను, ఒళ్లు, తోక.

పెన్షను తీసుకుని ఊరికొచ్చి ఏళ్లు గడిచినా ఆ అలవాటు పోలేదు. విమానం చప్పుడైతే చాలు, ముద్ద చేతిలో పట్టుకునే బయటికి పరుగెత్తేవాడు. పేరు పైకి చెప్పి, లోపలికొచ్చి, మిగతా అన్నం తినేవాడు.

"ఆ పేరు ఎవురికి చెప్తాండావయ్యా? ఈడ రాసుకునేవాళ్లు ఎవురుండారు?" అని భార్య శాంతకుమారి విసుక్కునేది.

"రాసుకునేవాళ్లు లేకుంటే విమానానికి పేరుండదా?" అనేవాడు.

వాళ్లకు ఒక్కతే కూతురు వసుధ. అంగళ్లు ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పనిచేసేది, రోజూ బస్సులో వెళ్లి వచ్చేది. పెళ్లి మాటెత్తితే ముఖం తిప్పుకునే మనిషి. ఆమెకు తండ్రంటే ప్రాణం, ఆ మాట నోటితో చెప్పే అలవాటు మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

రెండువేల మూడో సంవత్సరం ఎండాకాలంలో ఒకనాడు చెంగయ్య మిద్దె దిగి వచ్చి అయోమయంగా నిలబడ్డాడు.

"ఒక విమానం పోయిందమ్మా. యాదో తెలీలా."

వసుధ చకితురాలైంది. తండ్రి నోట ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. ఆయన కూర్చుని వరసగా చెప్పాడు. రెక్కలు కింద, సన్నగా. ఇంజను ఒక్కటే, మూతిలో. ఒళ్లు చిన్నది, నలుగురు పడితే గొప్ప. చప్పుడేమో ఆవ్రో, ఆంటనోవ్ లాంటి పెద్ద విమానాలది. పెట్రోలు ఇంజను టకటకలాడుతుంది, ఇదట్లా కాదు, కిరసనాయిలు తాగే టర్బైను ఈల. ముందర ఫ్యానూ తిరుగుతోంది, వెనకాల ఈలా వినిపిస్తోంది. ఆయనకు తెలిసిన అలాంటి విమానాలన్నీ రెండో నాలుగో ఇంజన్లవి, బస్సు పట్టేంత పొట్టవి.

"ఆ సప్పుడు ఇంత సిన్న దాంట్లోంచి రాకూడదమ్మా. కానీ వచ్చింది," అన్నాడు.

వారం తిరక్కుండా మళ్లీ చూశానన్నాడు. తర్వాత ఇంకోసారి. వీధిలో అందరినీ అడిగాడు. ఎవరూ చూడలేదు. మోటారు కాలి కడుపు మండుతున్న రైతులు ఆకాశంలో మబ్బుల కోసం చూస్తారుగానీ విమానాల కోసం చూస్తారా?

ఆ రోజుల్లోనే ఇంకొన్ని జరిగాయి. కాఫీ తాగి, తాగలేదని రెండోసారి అడిగాడు. వసుధను పట్టుకుని చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచాడు. షాపుకు వేయాల్సిన తాళం పక్క షాపుకు వేసి వచ్చాడు. ఒక్కొక్కటీ అయితే నవ్వుకునేవే. అన్నీ కలిపి, పైన ఎవరికీ కనబడని విమానాన్ని పెట్టేసరికి తల్లీకూతుళ్లకు భయం పట్టుకుంది. మదనపల్లెలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు.

డాక్టరు ఓపికగా మాట్లాడి, వసుధను పక్కకు పిలిచాడు. "మరుపు మొదలైందమ్మా. లేనివి చూస్తున్నాడంటే ఇంకా జాగ్రత్త పడాలి. కరెంటు పని మాన్పించండి. నెలనెలా తీసుకురండి."

షాపు మూసేశారు. చెంగయ్య గొడవ చెయ్యలేదు. అదే వసుధను ఎక్కువ బాధపెట్టింది. పని చేసిన చేతులు ఒళ్లో పెట్టుకుని వసారాలో కూర్చునేవాడు. మోటార్లు తెచ్చిన రైతులు మూసిన తలుపు చూసి, ఏమీ అడగకుండా ఇంకో షాపుకు పోయేవాళ్లు.

ఒక ఆదివారం పొద్దున వసుధ మిద్దె మీద చింతపండు ఆరబోస్తోంది. దక్షిణం నుంచి ఒక ఈల వినిపించింది. తలెత్తి చూసింది. తెల్లగా, చిన్నగా, పొడుగాటి మూతితో ఒక విమానం ఊరి మీదుగా పోతోంది. మూతికి ఆ పక్కా ఈ పక్కా పొగగొట్టాలు. కింద పెరట్లోంచి తండ్రి గొంతు వినిపించింది.

"పోతాండాది సూడు! వినపడతాండాదా?"

"సూసినా నాయనా!" అని అరిచింది. చేతులకంటిన చింతపండుతోనే మెట్లు దిగి పరుగెత్తి, తండ్రిని పట్టుకుని ఏడ్చేసింది. కన్నతండ్రి మాట నమ్మకుండా పిచ్చివాడి కింద లెక్కగట్టినందుకు సిగ్గుతో చచ్చిపోయింది.

"యాల ఏడుస్తావే? తోక ఎట్లుండాదో సూసినావా లేదా?" అన్నాడాయన.

ఇంక ఆగలేదు. మరునాడే మదనపల్లె నెట్ సెంటర్లో ఇద్దరూ కూర్చున్నారు. ఆమె బొమ్మలు తిప్పుతుంటే ఆయన తల అడ్డంగా ఊపుతూ పోయాడు. ఫ్యాక్టరీలో తయారయ్యే విమానాల్లో ఏదీ కాదు. చివరికి ఇంకో రకం బయటపడింది. విడిభాగాలు పెట్టెల్లో తెప్పించుకుని ఎవరికి వాళ్లు షెడ్డులో బిగించుకునే విమానాలవి. ప్రయోగ విమానాలని కాగితాల్లో రాయించుకుని ఎగరేసుకుంటారు. అందులో ఒక బొమ్మ దగ్గర ఆయన చెయ్యి పైకి లేచింది.

"రెక్క ఇదే. తోకా ఇదే. మూతి మాత్రం ఇది కాదు, పొట్టిగా ఉండాది."

"అయితే ఇది కాదేమో నాయనా."

"ఇదేనమ్మా. సంతలో ఆవును మూతి సూసి కొంటాం గదా, అట్ల సూసి ఇన్నాళ్లూ మోసపోయినా. దీన్ని కట్టుకున్నోడు పెట్రోలు ఇంజను తీసి టర్బైను పెట్టినాడు. దాని కోసరం మూతి సాగదీసినాడు. ఇట్లాంటోటికి తోకనే నమ్మల్ల, దాన్నెవురూ మార్చరు."

విమానం ఎప్పుడూ కుప్పం వైపు నుంచే వస్తోందని ఆయనకు గుర్తు. కుప్పం బస్టాండులో దిగి గ్రానైటు లారీల డ్రైవర్లను అడిగితే, రాష్ట్ర సరిహద్దు దాటాక పొలాల మధ్య ఒక ప్రైవేటు రన్‌వే ఉందని చెప్పారు. ఆటో మాట్లాడుకుని పోయారు. రేకుల షెడ్డులో అది నిలబడి ఉంది. దాన్ని కట్టినాయన నరేంద్ర అనే రిటైర్డు ఇంజనీరు. బెంగళూరు నుంచి వస్తూ పోతూ ఏళ్ల తరబడి కట్టుకున్నాడట. వీళ్ల కథ విని తలుపులు బార్లా తీశాడు.

"మూతి నేనే చేసుకున్నానండీ, ఇంజను పట్టక. ఇలాంటిది ఇంకోటి నేనైతే చూడలేదు," అన్నాడు.

చెంగయ్య దాని చుట్టూ తిరిగాడు. పొగగొట్టం దగ్గర ముక్కు పెట్టి కిరసనాయిలు వాసన చూశాడు. తోక మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. వసుధ తండ్రి ముఖంలో అంత శాంతి అంతకుముందు చూడలేదు.

తిరుగు బస్సులోనే ఆమె నిర్ణయం జరిగిపోయింది. మర్నాడు షాపు తలుపు తనే తీయించింది. శాంతకుమారి గొణిగింది. "విమానం ఉండాది, సరే. తాళం పక్క షాపుకు ఏసింది గూడా నిజమే గదే?"

"ఊరుకోమ్మా. ఒకసారి నమ్మక పాపం కట్టుకున్నాం. ఇంక చాలు," అంది వసుధ.

డాక్టరు దగ్గరికి పోవడం మానేశారు.

తరువాతి ఎండాకాలం మునెప్ప తన బావి మోటారు చుట్టించుకుపోయాడు. ఆయన చెంగయ్య పుట్టిన ఊరివాడే, చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. మోటారు ఆటోలోకి ఎక్కించేటప్పుడు వసుధ షాపులోనే ఉంది.

"కరెంటు మోటారు ఒంటికి వస్తాందేమో మీటరు పెట్టి సూసినావా నాయనా?"

"సూసినాలేమ్మా," అన్నాడు, తడుముకోకుండా. ఆమె ఇంకోమాట అడగలేదు.

కొన్నాళ్లు అది బాగానే తిరిగింది. తర్వాత ఒక పొద్దున మునెప్ప ఆవు బావి దగ్గర నీళ్లు తాగబోయి ఇనప పైపుకు మూతి తగిలించి, అక్కడికక్కడే కూలిపోయింది. వెనకే బిందెతో వస్తున్న మునెప్ప భార్య కాంతమ్మ ఆవును పట్టుకోబోయింది. విసిరి కొట్టినట్టు పడిపోయింది. మునెప్ప ఫ్యూజు పీకకపోతే ఆమె కూడా దక్కేది కాదు. కుడిచెయ్యి కాలింది, ప్రాణం మిగిలింది.

మునెప్ప మోటారు తెచ్చి షాపు ముందు దించాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని వసుధకు అనిపించింది.

"నువ్వు సుట్టిందని నేను పరీక్ష గూడా సెయ్యలేదన్నా," అన్నాడు. అంతే.

తండ్రి స్క్రూలు విప్పుతుంటే వసుధ నోరు ఊరుకోలేదు. ఎర్తు వైరు సరిగా వెయ్యలేదేమో అంది. దారి గతుకుల్లో తీగ ఒరుసుకుందేమో అంది. మధ్యలో ఇంకెవరైనా విప్పారేమో అంది. ఆయన లోపలి చుట్టు బయటికి తీసి, వెలుతురుకు పట్టి చూశాడు. రాగితీగ ఇనుముకు తగలకుండా ప్రతి గాడిలోనూ ముందు మందపాటి కాగితం పరుస్తారు. మిగతా గాడులన్నిట్లోనూ కాగితం ఉంది. ఒక గాడిలో లేదు. అక్కడ తీగ నల్లగా మాడి ఇనుముకు అంటుకుపోయింది.

"వేరేవాళ్లు విప్పింటారేమో నాయనా," అంది వసుధ మళ్లీ.

"లేదమ్మా. ఈ ముడి నాది. నేను సుట్టిందే."

చుట్టును కింద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. మునెప్ప ముందుకు పోయి రెండు చేతులూ జోడించాడు. మునెప్ప ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు, ముఖం అటు తిప్పుకున్నాడు.

చెంగయ్య కూతురి వైపు తిరిగాడు.

"కాయితం పెట్టినట్టే ఉండాదమ్మా నాకు. మీటరు సూసినట్టే ఉండాది. ఇప్పుడు గూడా కండ్ల ముందర కనపడతాండాది. ఆ విమానం గూడా అట్లనే కనపడతాండాది. రెండూ ఒకటే మాదిరి ఉండాయి. రెంటికీ ఏమీ తేడా తెలీలేదు. ఇంక నా మాట మీద పోవద్దండి."

వసుధ కాదని చెబుదామంటే ఎదురుగా మాడిన తీగ ఉంది.

"ఆ విమానం నిజమే గదా?" అని అడిగాడు. "కుప్పం పోయి సూసొస్తిమి గదా మనం?"

"నిజమే నాయనా."

"నువ్వు సూసినావా?"

"సూసినా. సెయ్యి పెట్టి సూసినా."

"అయితే సరే," అని ఆయన బల్ల మీద కూర్చున్నాడు.