పదమూడో భాగాన్ని తుడిచేసిన చెయ్యి

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు... మా నానమ్మ మాటను ఒక వీడియో క్యాసెట్ మీంచి తుడిచేశారు. తుడిచిన మనిషి వామనరావు. బర్కత్‌పురలో ఉంటారు. ఈ ఆదివారం సాయంత్రం ఆరింటికి నారాయణగూడలో ఆయనకు సన్మానం.

టీవీకి రంగులొచ్చిన కొత్తలో ‘గడియారం వీధి’ అని ఒక హాస్య సీరియల్ వచ్చిందట. చిన్న ఊళ్లో ఒక గుమస్తా, భార్య, ముగ్గురు పిల్లలు, నెలాఖరు తిప్పలు... పదమూడు వారాలు నడిచి ఆగిపోయింది. గుమస్తా వేషం వామనరావుది. పక్కింటి అనసూయ వేషం మా నానమ్మ శకుంతలది. అప్పట్లో ఆమె చిక్కడపల్లిలో టైపు నేర్పేది, సాయంత్రాలు నాటకాలు వేసేది.

పన్నెండు భాగాల్లో అనసూయకు ఒక్క మాట లేదు. గుమస్తా ఇంట్లో చక్కెర అయిపోతే గిన్నెతో తెచ్చిచ్చి, నవ్వి, వెళ్లిపోవాలి. ఆమె వెనక గుమస్తా ఒక జోకు వేస్తాడు. అందరూ నవ్వాలి... అంతే.

పదమూడో భాగంలో అనసూయ మాట్లాడింది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఉన్నది నలుపు తెలుపు టీవీ. తను కట్టిన చిలకపచ్చ చీర బూడిద రంగులో కనపడిందని నానమ్మకు ఒకటే ఉక్రోషం. నారాయణగూడ వీడియో షాపాయన ఆ ఒక్క భాగాన్ని క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. రంగుల్లో!

నాకు ఊహ తెలిసేసరికి ఇంట్లోకి రంగుల టీవీ, వీసీఆర్ వచ్చాయి. ఆ క్యాసెట్ చూడటమే మా ఇంటి పండుగ. అశోక్‌నగర్‌లో మా కాంపౌండులో నాలుగు కిరాయి వాటాలు. ఆదివారం మధ్యాహ్నం అందరూ మా ముందు గదిలో... చేతుల్లో సర్వపిండి ముక్కలు... టేపు అరిగి పచ్చరంగు చీర అంచు దాటి గోడ మీదికి కారేది. పక్కవాటా రాజమణక్క ముందే అరిచేది, “ఇగ చూడుండ్రి, ఇప్పుడు పడ్తది గుమస్తాకు!”

అనసూయ గిన్నె కింద పెట్టి అనేది, “పదేండ్ల సంది మా ఇంట్లకెల్లి చక్కెర తెచ్చుకుంటున్నరు. డబ్బా యాడుంటదో మీ పిల్లలకు సుత తెల్సు. నా పేరేందో మీకు తెల్సా?”

రాసిచ్చింది పుస్తకాల భాషట. నానమ్మ మాత్రం మన ఇంటి భాషలో అడిగేసింది. ఎవరూ ఆపలేదు. గుమస్తా నోరు తెరుచుకుని నిలబడ్డాడు. “అది యాక్టింగ్ కాదుర,” అనేది నానమ్మ, “నిజంగనే డైలాగు మర్చిపోయిండు.”

ఒకరోజు నేను క్రికెట్ మ్యాచ్ ఎక్కించుకుందామని ఆ క్యాసెట్టే పెట్టాను. నా వీపు పగిలింది. క్యాసెట్ అంచున చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది విరిచేస్తే ఇక దాని మీద ఏదీ రికార్డు కాదు. నానమ్మ నా ముందే చెంచా కొనతో దాన్ని పుటుక్కున విరిచింది. “ఇగ బ్రహ్మదేవుడొచ్చినా దీన్ని చెరపలేడు.”

బ్రహ్మదేవుడు రాలేదు... వామనరావు వచ్చారు.

“శకుంతలక్కా, జర వారం రోజులియ్యి. కాపీ తీపిచ్చుకోని ఇచ్చేస్త.”

నెలకు తెచ్చిచ్చారు. ఆ ఆదివారం అందరం కూర్చున్నాం. అనసూయ రావాల్సిన చోట శాలువా కప్పుకుని, మెడలో దండతో వామనరావు వచ్చారు! లోకల్ కేబుల్లో వచ్చిన తన సన్మానాన్ని దాని మీదే ఎక్కించుకున్నారు.

“ఏందక్కా, చక్కెర తెస్తదంటే దండ తెచ్చిండు ఈయన!” అంది రాజమణక్క. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ఆయన భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. “పొరపాటైందక్కా... మిషన్ల ఏ క్యాసెట్ ఉన్నదో చూసుకోలే.” నానమ్మ ఇద్దరికీ చాయ్ ఇచ్చి పంపింది.

మొన్న ఫోన్లో ఆయన ఇంటర్వ్యూ చూశాను. “గడియారం వీధి అంటే నేనే. పక్కింటామె వేషం ఎవరో వేసింది... పేరు యాదికి లేదు.”

అటక ఎక్కి క్యాసెట్ దించాను. తిప్పి చూశాను. పలక విరిగిన చోట సెల్లోటేపు ముక్క... కత్తెరతో కొలతకు కత్తిరించి, గోటితో నొక్కి అంటించి ఉంది. ఆ రంధ్రం మూస్తేనే మళ్లీ రికార్డవుతుంది.

పొరపాటుకు కత్తెర అక్కర్లేదు వామనరావు గారూ!

ఉద్యమ కరపత్రాలు చదువుకుంటూ పెరిగినవాణ్ణి. చరిత్రను చెరపడానికి రాజ్యాలూ సైన్యాలూ కావాలనుకున్నాను. అంగుళం టేపు చాలట.

నానమ్మకు చూపించాను. వేలితో తడిమింది.

“ఆ దినమే చూసిన బిడ్డా.”

“మరెందుకు ఊకున్నవ్?”

“ఆయన భార్య నా దగ్గర టైపు నేర్చుకున్న పిల్ల. ఆమె ముంగట ఆయన పరువు ఎట్ల తీయాలె?”

ఆయన భార్య పోయి రెండేళ్లయింది. నానమ్మ క్యాసెట్ నా చేతిలో పెట్టింది.

“సన్మానం ఎన్ని గంటలకు?”

“ఆరింటికి.”

“మనది అయిదింటికి పెట్టు. ఆయనకు గూడ వచ్చి పోనీకి టైముంటది. పెట్టెలకెల్లి ఆ చీర తియ్యి.”

కాబట్టి వినండి. ఆదివారం అశోక్‌నగర్‌లో మా డాబా మీద పదమూడో భాగం మళ్లీ జరుగుతుంది. అనసూయగా మా నానమ్మ, అదే చిలకపచ్చ చీరలో. ఒక్క అక్షరం మర్చిపోలేదు. గుమస్తా కుర్చీ ఖాళీగా ఉంచుతాం. అది మీదే వామనరావు గారూ. మీకు డైలాగు అక్కర్లేదు... అప్పట్లాగే నోరు తెరుచుకుంటే చాలు. ఈసారి వచ్చిన ప్రతివాళ్ల ఫోన్లోనూ రికార్డవుతుంది. ఎన్ని టేపు ముక్కలు కత్తిరిస్తారో చూద్దాం.

మీ ఇళ్లలో పాత క్యాసెట్లుంటే ఒకసారి తిప్పి చూసి నాకు చెప్పండి... ఎవరి మాట మీద ఎవరి శాలువా ఉందో.

ఇప్పుడు చక్కెర కోసం పక్కింటి తలుపు ఎవరూ కొట్టడం లేదు. పక్కింటామె పేరు తెలియకపోవడం మాత్రం అలాగే ఉంది...

గాంధీనగర్, నల్లకుంట, చిక్కడపల్లి... నడిచొచ్చే దూరమే. మెట్ల దగ్గర నానమ్మ ప్రతి ఒక్కరినీ పేరు అడుగుతుంది, చెప్పి పైకి రండి. ఆదివారం, సాయంత్రం సరిగ్గా ఐదింటికి.