ఏడు డెమోల బ్రైట్

ఆ రోజుల్ల అమీర్‌పేటల ఇంగ్లీషు నేర్చుకునుడు కష్టం గాని, మొదలువెట్టుడు మాత్రం ఫ్రీ. మొదటి రోజు క్లాసును డెమో అంటరు. నచ్చితే ఫీజు కట్టి రెండో రోజు పోవాలె, లేకుంటే పక్క బిల్డింగుల ఇంకో డెమో ఉండనే ఉంటది. నేను డిగ్రీ పాసై, ఏడు ఇన్‌స్టిట్యూట్లల్ల మొదటి రోజు పూర్తిచేసిన మనిషిని. (నచ్చకనేం గాదు, జేబు ఒప్పుకోలే.) ఏడింట్ల సుత ఒకటే మాట చెప్పిండ్రు: బ్రైట్. ఎవరి నోట్సు ఎవరు జిరాక్సు తీసిండ్రో దేవునికే ఎరుక. బ్రైట్ అంటే ఉత్త వెలుగే గాదంట, నిండైన రంగు సుత బ్రైటేనంట, తెలివిగల్ల పిల్లగాడు, మంచిగుండే భవిష్యత్తు, ఆఖరుకు కష్టాలల్ల మంచి చూసుకునుడు సుత. ఆ ఒక్క మాట మీద నేను పుస్తకం రాసేటోణ్ని. రెండో మాట అడిగితే మాత్రం తెల్వదు.

ఇంట్ల నాన్న గడువు వెట్టిండు. నెలాఖరుకు నౌకరి దొరకకుంటే బోరబండల మేనమామ వెల్డింగు షాపుల కూసోవాలె. ఆ నిప్పురవ్వలంటే నాకు చిన్నప్పటి సంది భయం. గడువు ఇంక నాలుగు రోజులుందనంగ, పంజాగుట్టల అప్పటికే రెండుసార్లు కూసున్న ఇన్‌స్టిట్యూట్‌కే మల్ల పోయిన. హాలు నిండ జనం, సార్ మాత్రం లేడు. పొద్దుగాలనే ఎదురు బిల్డింగుల ఇన్‌స్టిట్యూట్ల చేరిండట. ఓనరును మేము మార్కర్ భాయ్ అంటుంటిమి (జేబుల పెన్ను ఉండకపోయేది, మార్కరే ఉండేది). ఆయన చూపు నా మీద పడ్డది.

"నువ్వు కూసునుడు ఇది మూడోసారి కదా మియా. ఫీజు ఒక్కసారి సుత కట్టలే" అన్నడు.

అందరి ముందట బయటికి పంపుతడనుకున్న. నా చేతుల మార్కర్ వెట్టిండు. "జర స్టేజి ఎక్కి చెప్పు. ఇయ్యాల పదిమంది చేరితే నౌకరి నీదే. ఫికర్ చెయ్యకు."

ఎక్కిన. ఏడుగురు సార్ల జోకులు వరుసగ నోటికొచ్చినయి, వాళ్లు దగ్గిన కాడ నేను సుత దగ్గిన. అంత మంచిగనే పోతున్నదనంగ ముందు బెంచిల పిల్ల లేచి, "మస్తుంది సార్. మరి రేపు ఏం చెప్తరు?" అన్నది.

నేను ఎన్నడన్న రేపటికి పోతే కదా తెలిసేది. కండ్ల ముందట మామ షాపు కనవడ్డది. "గది ఇయ్యాలనే చెప్తే రేపు ఎందుకొస్తవమ్మా" అన్న. అందరు నవ్విండ్రు, నవ్వుకుంటనే పద్నాలుగుమంది చేరిండ్రు. భాయ్ నా భుజం తట్టి, "నువ్వు డెమోలే చెప్పు. రెండో రోజుకు వేరే సార్‌ను చూస్త" అన్నడు. ఎందుకట్లన్నడో నేను అడగలే.

పదకొండేండ్లాయె. రోజూ మొదటి రోజే నాకు. మొన్న అమీర్‌పేటల మెట్రో ఎక్కితే "సార్" అని ఒకామె పలకరించింది. ఆ ముందు బెంచి పిల్లనే, మెడల ఆఫీసు కార్డు. గడగడ ఇంగ్లీషుల మాట్లాడవట్టింది, నాకు సగం సుత అర్థం కాలే. "బ్రైట్, వెరీ బ్రైట్" అని, నేను దిగే స్టేషన్ ఇంకా దూరమున్నా పంజాగుట్టల దిగిపోయిన. (సిగ్గయింది, దాచేదేముంది.) రైలు కదులుతుంటే అద్దంల కెల్లి చెయ్యి ఊపింది. ఆమె ఇంగ్లీషుల మొదటి మాట నాదే. మిగిలినయి నేర్వాలని నాకు సుత మస్తుంటది. ఎవలన్న రెండో రోజు క్లాసు ఫ్రీగ చెప్తమంటే, ఈ వయసుల సుత పోయి ముందు బెంచిల కూసుంట.